సెయింట్ థామస్ 99 మెట్లు: ఎక్కబోయేవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలు

చలికాలం మొదలైతే చాలు, అమెరికాలో ఉన్న మనవాళ్ళు కరీబియన్ క్రూయిజ్ బుక్ చేసుకుంటారు. అందులో సెయింట్ థామస్‌లో ఒక పూట ఆగుతుందని తెలిశాక అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక అయిపోయి అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ డౌట్ ఎక్కడుందో అక్కడికి వెళ్ళిపోండి.

## బయల్దేరే ముందు

అసలు ఈ 99 మెట్లు ఎక్కడున్నాయి? అది ఏ దేశం?

యూఎస్ వర్జిన్ ఐలాండ్స్‌లోని సెయింట్ థామస్ దీవిలో, రాజధాని షార్లెట్ అమాలీ ఊరి మధ్యలో ఉన్నాయి. 1917 దాకా ఈ దీవులు డెన్మార్క్‌వి. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతుంటే ఇవి ఎక్కడ జర్మనీ చేతికి పోతాయోనని అమెరికా 2.5 కోట్ల డాలర్ల బంగారం ఇచ్చి కొనేసింది. ఇప్పుడు జెండా అమెరికాది, డబ్బు డాలర్లే, చాలా వీధుల పేర్లు మాత్రం ఇంకా డేనిష్‌లోనే ఉన్నాయి. హార్బర్ అంచున మొదలైన ఊరు కొండల మీదికి పాకింది కాబట్టి కింది వీధి నుంచి పై వీధికి వెళ్ళడానికి మెట్లు కట్టుకున్నారు. ఇలాంటి మెట్ల వీధులు ఊళ్ళో ఇంకా చాలా ఉన్నాయి, వాటిలో బాగా పేరున్నవి ఇవి.

మేం హెచ్-1బి వర్క్ వీసా మీద ఉన్నాం, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు అయిపోయింది. వెళ్ళొచ్చా?

ఎలా వెళ్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. మెయిన్‌లాండ్ నుంచి నేరుగా విమానంలో వెళ్ళి నేరుగా తిరిగొస్తే ఇమిగ్రేషన్ లెక్కలో మీరు అమెరికా దాటినట్టు కాదు, స్టేటస్ సరిగ్గా ఉంటే పాస్‌పోర్ట్‌లో స్టాంప్ పాతబడినా ఫర్వాలేదు. కాకపోతే తిరుగు ప్రయాణంలో సెయింట్ థామస్ ఎయిర్‌పోర్ట్‌లోనే ఫెడరల్ అధికారులు కాగితాలు చూస్తారు, కాబట్టి పాస్‌పోర్ట్, ఐ-797 (హెచ్-1బి ఆమోదపు కాగితం), ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు) దగ్గర పెట్టుకోండి, అక్కడ క్యూకి కాస్త టైమ్ కూడా ఉంచుకోండి. క్రూయిజ్ సంగతి వేరు. ఓడ మధ్యలో సెయింట్ మార్టెన్‌లోనో బహామాస్‌లోనో ఆగిందంటే అది విదేశీ ప్రయాణమే, తిరిగి రావడానికి చెల్లుబాటయ్యే వీసా కావాలి. ఇలాంటివి బుక్ చేశాక అడిగితే లాయర్ కూడా ఏం చేయలేడు, ముందే కనుక్కోండి.

అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చారు. వాళ్ళనీ తీసుకెళ్ళొచ్చా?

తీసుకెళ్ళొచ్చు. క్రూయిజ్ అయితే వాళ్ళ వీసా మల్టిపుల్ ఎంట్రీదో కాదో, ఓడ ఆగే మిగతా దేశాలకి ఇండియన్ పాస్‌పోర్ట్ మీద విడిగా వీసా అడుగుతారో లేదో చూసుకోండి. ఎక్కే విషయంలో టెన్షన్ అక్కర్లేదు. వాళ్ళని పైకి టాక్సీలో పంపి, దిగేటప్పుడు మాత్రం మెట్ల మీద నెమ్మదిగా నడిపించుకు రావచ్చు. మెట్లు చూసినట్టూ ఉంటుంది, ఆయాసమూ ఉండదు. అయితే మోకాళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళలో కొందరికి ఎక్కడం కంటే దిగడమే బాధ. అలాంటప్పుడు రానూపోనూ టాక్సీయే మేలు.

ఏ నెలల్లో వెళ్తే మంచిది?

డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా బాగుంటుంది, అందుకే జనమూ రేట్లూ అప్పుడే ఎక్కువ. ఏడాది పొడుగునా పగలు 30 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది, హైదరాబాద్ ఎండలు చూసినవాళ్ళకి అదేం లెక్క కాదు గానీ గాలిలో తేమకి చొక్కా తడిసిపోతుంది. జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్. 2017 సెప్టెంబర్‌లో ఇర్మా, మరియా రెండూ రెండు వారాల తేడాతో ఈ దీవుల్ని చావుదెబ్బ కొట్టాయి. ఆ సీజన్‌లో వెళ్ళాల్సి వస్తే ఇన్సూరెన్స్ తీసుకోకుండా వెళ్ళకండి.

సన్‌స్క్రీన్ తీసుకెళ్ళొద్దంటున్నారు, నిజమా?

సన్‌స్క్రీన్ వద్దని కాదు, కొన్ని రకాలు వద్దు. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవాటిని 2020 మార్చి నుంచి అక్కడ నిషేధించారు, అవి పగడపు దిబ్బలకి హాని చేస్తాయని. సీసా వెనక పేర్లు చదివి, జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనుక్కోండి. ముఖం తెల్లగా పూత పూసినట్టు ఉంటుంది, ఫోటోల్లో కూడా కనిపిస్తుంది, ఏం చేస్తాం.

చెప్పులు, బట్టలు ఎలాంటివి?

వెనక పట్టీ ఉన్న చెప్పులో, అడుగు అరగని షూసో వేసుకోండి. ఫ్లిప్ ఫ్లాప్స్‌తో ఎక్కేవాళ్ళు బోలెడుమంది కనిపిస్తారు, దిగేటప్పుడు వాళ్ళ నడక చూడండి, మీకే అర్థమవుతుంది. బీచ్ నుంచి నేరుగా వచ్చేట్టయితే స్విమ్‌సూట్ మీద ఏదైనా వేసుకుని రండి. అక్కడివాళ్ళు కాస్త సంప్రదాయం పాటించే మనుషులు, ఊళ్ళో ఈత బట్టల్లో తిరగడం వాళ్ళకి మర్యాదగా అనిపించదు.

## మెట్ల దగ్గరికి చేరడం

ఓడ దిగాక నడిచి వెళ్ళొచ్చా, టాక్సీ తీసుకోవాలా?

మీ ఓడ ఏ రేవులో ఆగుతుందో ముందు చూసుకోండి. ఒకటి హావెన్‌సైట్, ఊరికి తూర్పున. ఇంకోటి క్రౌన్ బే, పడమర వైపు. హావెన్‌సైట్ నుంచి నీటి ఒడ్డునే నడిస్తే ఊరి మధ్యకి అరగంట పైన పడుతుంది, పొద్దున్నే అయితే హాయిగా ఉంటుంది. క్రౌన్ బే నుంచి నడక అంత బాగుండదు, టాక్సీయే మేలు. అక్కడ టాక్సీ అంటే చాలావరకు ట్రక్కు వెనక వరసగా బెంచీలు వేసి పైన కప్పు బిగించిన సఫారీ బండి. ఛార్జీ బండికి కాదు, మనిషికింత అని ప్రభుత్వం నిర్ణయించిన రేటు. కాబట్టి ఎంతమంది ఎక్కితే అంతమందికీ కట్టాలి. ఎక్కే ముందే రేటు అడిగేయండి. ఇంకో మాట, అక్కడ బళ్ళు మన దేశంలో లాగే రోడ్డుకి ఎడమవైపు నడుస్తాయి, స్టీరింగ్ మాత్రం అమెరికా బండిలో లాగే ఎడమవైపే ఉంటుంది. రోడ్డు దాటేటప్పుడు మనకి చిన్నప్పటి అలవాటు పనికొస్తుంది, అమెరికాలో పుట్టిన పిల్లల చెయ్యి మాత్రం పట్టుకోండి.

మ్యాప్ చూసి వెళ్ళినా దొరకట్లేదంటున్నారు. సరిగ్గా ఎక్కడ మొదలవుతాయి?

ఎమాన్సిపేషన్ గార్డెన్ అనే పార్కు దగ్గర నుంచి కొండ వైపు తిరిగి కాంగెన్స్ గేడ్ అనే వీధి ఎక్కండి. ఆ వీధిలోనే తెల్లటి మూడంతస్తుల గవర్నమెంట్ హౌస్ ఉంటుంది, 1867లో కట్టడం పూర్తయింది. అదే వీధిలో హోటల్ 1829 అనే పాత భవనం కూడా ఉంది. మెట్లు ఆ దగ్గర్లోనే. పెద్ద ఆర్చీ, టికెట్ కౌంటర్ ఏవో ఉంటాయనుకుని వెతికితే దొరకవు. రెండు గోడల మధ్య నుంచి సందులా పైకి పోయే మెట్లు, అంతే. టికెట్ లేదు, ఎందుకంటే అది వీధి.

ఎవరినైనా దారి అడిగితే చిరాకు పడుతున్నారట?

ఇది చాలామంది చెప్పే ఫిర్యాదే, తప్పు మాత్రం వాళ్ళది కాదు. ఆ దీవుల్లో ముందు "గుడ్ మార్నింగ్" అనకుండా నేరుగా "ఎక్స్‌క్యూజ్ మీ, ఫలానాది ఎక్కడ" అంటే పొగరు కింద లెక్క. షాపులోకి అడుగుపెట్టినా, సఫారీ బండి ఎక్కినా, మెట్ల మీద ఎవరైనా ఎదురైనా ముందు పలకరింపు. మధ్యాహ్నం దాటితే "గుడ్ ఆఫ్టర్‌నూన్", చీకటి పడితే "గుడ్ నైట్", అక్కడ అది వీడ్కోలు కాదు, పలకరింపే. ఆ ఒక్క మాట అనేసరికి ముఖాలు విచ్చుకుంటాయి, దారితో పాటు తినడానికి ఎక్కడ బాగుంటుందో కూడా చెప్తారు.

## ఎక్కుతున్నప్పుడు

నిజంగా 99 మెట్లేనా? నేను లెక్కపెడితే ఎక్కువొచ్చాయి

మీ లెక్క కరెక్టే. 103 ఉన్నాయి. మొదట 99 ఉండేవనీ, తర్వాత మరమ్మతులప్పుడు పెరిగాయనీ చెప్తారు. పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది. పిల్లల్ని తీసుకెళ్తుంటే ఈ సంగతి ముందే చెప్పకండి, వాళ్ళనే లెక్కపెట్టమనండి. పైకి చేరేదాకా అలిసిపోయామని అనరు, పైన ఎవరి లెక్క కరెక్టో అని కొట్టుకుంటారు.

ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు?

1700ల మధ్యలో డేనిష్ పాలనలో కట్టారు. ఊరివాళ్ళు చెప్పే కథ ఏంటంటే, కోపెన్‌హాగెన్‌లో కూర్చున్నవాళ్ళు కాగితం మీద నిలువు గీతలూ అడ్డ గీతలూ గీసి పంపారట, అక్కడ కొండలున్నాయన్న సంగతి పట్టించుకోకుండా. గీత ప్రకారం వీధి వెయ్యాలి, వీధేమో నిటారుగా కొండ ఎక్కుతోంది, దాంతో మెట్లు కట్టేశారు. ఆఫీసులో కూర్చుని ప్లాన్ గీసేవాళ్ళ మీద జోకులు అన్ని దేశాల్లోనూ ఉంటాయి గానీ ఇక్కడ ఆ జోకు ఎక్కి చూడొచ్చు. కట్టినవాళ్ళ పేర్లు మాత్రం ఏ బోర్డు మీదా కనపడవు. అప్పట్లో ఈ దీవిలో బరువు పని దాదాపు అంతా ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ చేత చేయించినదే. షార్లెట్ అమాలీ పెద్ద బానిసల సంత కూడా. 1848 జూలైలో గానీ ఈ దీవుల్లో బానిసత్వం రద్దు కాలేదు, కింద ఉన్న ఎమాన్సిపేషన్ గార్డెన్‌కి ఆ పేరు దాని గుర్తుగానే పెట్టారు.

ఈ ఇటుకలు ఓడల్లో వచ్చాయంటారు, ఇటుకలు మోసుకు రావడం ఎందుకు?

యూరప్ నుంచి కరీబియన్‌కి వచ్చే ఓడల్లో సరుకు అంతగా ఉండేది కాదు. ఖాళీ ఓడ సముద్రంలో ఒరిగిపోతుంది, అందుకని అడుగున బరువు కోసం ఇటుకలు పేర్చేవాళ్ళు. ఇక్కడికి వచ్చాక వాటిని దింపేసి, ఆ చోటులో పంచదార, రమ్, మొలాసిస్ నింపుకుని పోయేవాళ్ళు. దిగిన ఇటుకలు రేవులో కుప్ప పడి ఉండేకంటే గోడలకీ మెట్లకీ పనికొచ్చాయి. మెట్ల మీద ఒకచోట ఆగి కిందికి వంగి చూడండి. ఇటుకలు సన్నగా ఉంటాయి, కొన్ని ఎర్రవి, కొన్ని పాలిపోయిన పసుపు రంగువి. అంచులు చాలాచోట్ల గుండ్రంగా అరిగిపోయాయి, కొన్నిచోట్ల సున్నం రాలిన సందులో గడ్డి మొలిచి ఉంటుంది. కొత్తగా అతికిన సిమెంటు ముక్కలు కూడా తెలిసిపోతాయి.

ఎక్కడం కష్టమా? తిరుమల నడకదారితో పోలిస్తే ఎలా?

అలిపిరి దారిలో 3,550 మెట్లు, ఇక్కడ 103. మీరే చెప్పండి. ఆగకుండా ఎక్కితే ఐదు నిమిషాల పని, ఫోటోలూ ఆయాసాలూ కలుపుకుని పావుగంట. మెట్ల ఎత్తు తక్కువే. ఇబ్బంది అల్లా ఎత్తు అన్నీ ఒకేలా లేకపోవడం. ఒక మెట్టు లోతుగా, పక్కది వెడల్పుగా, ఇంకోటి కాస్త వాలుగా ఉంటుంది, ఫోన్ చూస్తూ ఎక్కితే తట్టుకుని పడతారు. 99 మెట్లు అయిపోగానే కొండ మీది బ్లాక్‌బియర్డ్స్ కాజిల్ అనే కోట వచ్చేస్తుందని కూడా అనుకోకండి. పైన లిల్లే టార్నే గేడ్ అనే వీధి తగులుతుంది, అక్కడ నుంచి ఇంకాస్త ఎత్తు ఎక్కితేనే ఆ కోట టవర్.

చంటిపిల్ల ఉంది, స్ట్రోలర్ తీసుకెళ్ళొచ్చా?

వద్దు. మోసుకెళ్ళాల్సి వస్తుంది, పైన వీధులు కూడా ఎత్తుపల్లాలే. చంకన వేసుకునే క్యారియర్ తెచ్చుకోండి. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళకి ఈ మెట్లు సాధ్యపడవు, కొండ పైకి రోడ్డు ఉంది కాబట్టి బండిలో వెళ్ళడం ఒక్కటే దారి.

వాన పడితే?

అక్కడి వానలు చాలావరకు పది నిమిషాలు దంచి వెళ్ళిపోయేవే. తడిసిన పాత ఇటుక మాత్రం నున్నగా జారుతుంది, నీడలో నాచు పట్టినచోట మరీ. వాన వెలిశాక పావుగంట ఆగి ఎక్కండి, దిగుతుంటే గోడ పక్కగా దిగండి. అన్నట్టు, వాన పడుతుంటే ఇళ్ళ కప్పుల నుంచి నీళ్ళు గొట్టాల్లోకి వెళ్ళడం గమనించండి. దీవిలో చెప్పుకోదగ్గ నది ఒక్కటీ లేదు, అందుకే ఇంటింటికీ అడుగున వాన నీటి ట్యాంకు ఉంటుంది. నీళ్ళంటే వాళ్ళకి అంత జాగ్రత్త, ఎవరింటి కుళాయి కనిపించినా తిప్పి కాళ్ళు కడుక్కోకండి.

ఫోటోలకి ఎప్పుడు బాగుంటుంది? ఎక్కడ నిలబడాలి?

తొమ్మిది లోపు అయితే ఎండ మెత్తగా ఉంటుంది, టూర్ గుంపులు ఇంకా రావు. కింద నిలబడి పైకి తీస్తే మెట్లూ, పక్కన మొక్కలూ వస్తాయి. మూడొంతులు ఎక్కాక వెనక్కి తిరిగితే ఎర్ర కప్పుల మీదుగా హార్బర్ కనిపిస్తుంది. అన్నిటికంటే మంచి ఫోటో అక్కడిదే అని నా లెక్క, పై నుంచి తీసినదాంట్లో మెట్లు రావు. మెట్లకి రెండువైపులా ఉన్నవి ఇళ్ళు, జనం ఉంటున్నవి. గేటు తెరిచి ఉంది కదా అని లోపలికి వెళ్ళి పోజులివ్వడం, గుమ్మంలో కూర్చోవడం చెయ్యకండి. ఆ మెట్ల మీద సంచులతో దిగే మనిషికి అది ఇంటికెళ్ళే దారి, పక్కకి జరిగి దారివ్వండి. ఇగ్వానాలు (పెద్ద బల్లుల్లాంటివి), కోళ్ళు తిరుగుతుంటాయి, వాటికి చిప్స్ పెట్టొద్దు.

## పైకి చేరాక

బ్లాక్‌బియర్డ్ అనే సముద్రపు దొంగ నిజంగా ఆ కోటలో ఉన్నాడా?

ఉన్నాడనడానికి ఆధారం లేదు. ఆ రాతి టవర్‌ని 1679లో డేనిష్‌వాళ్ళు కట్టారు, అసలు పేరు స్కిట్స్‌బోర్గ్. కింద నీటి ఒడ్డున ఉన్న ఫోర్ట్ క్రిస్టియన్ నుంచి సముద్రం మీద అంత దూరం కనపడదు, అందుకని కొండ మీద కాపలా బురుజు పెట్టారు. ఎడ్వర్డ్ టీచ్ అనే బ్లాక్‌బియర్డ్ 1718లో నార్త్ కరోలినా తీరంలో చచ్చిపోయాడు. డేనిష్ సైన్యం కాపలా కాసే బురుజులో ఓ సముద్రపు దొంగ మకాం పెట్టి దుర్భిణితో చూస్తుండేవాడన్నది టూరిస్టుల కోసం పుట్టిన కథే. విచిత్రం ఏంటంటే నిజం దొంగల కథ ఈ ఊరికి విడిగా ఉంది. 1680లలో అడాల్ఫ్ ఎస్మిట్ అనే గవర్నరే దొంగ ఓడలకి ఆశ్రయమిస్తున్నాడని చుట్టుపక్కల దీవులవాళ్ళు మొత్తుకునేవాళ్ళు. 1683లో జాన్ హామ్లిన్ అనే ఫ్రెంచ్ దొంగ ఓడని ఇంగ్లీషు నౌక ఒకటి వచ్చి ఇదే హార్బర్‌లో తగలబెట్టింది. పై నుంచి చూస్తే ఆ నీళ్ళే మీ ముందుంటాయి. నన్నడిగితే బ్లాక్‌బియర్డ్ కథ కంటే ఇదే బాగుంది.

బ్లూబియర్డ్స్ కాజిల్ కూడా అదేనా?

కాదు, టాక్సీ ఎక్కేవాళ్ళు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. అది ఊరికి తూర్పున ఇంకో కొండ మీద ఉన్న ఇంకో డేనిష్ బురుజు, దాని చుట్టూ రిసార్ట్ ఉంది. డ్రైవర్‌కి "బ్లాక్" అని నొక్కి చెప్పండి, లేదా "గవర్నమెంట్ హిల్ మీది టవర్" అనండి.

టవర్ లోపలికి వెళ్ళనిస్తారా?

అది ప్రైవేటు స్థలంలో ఉంది, 1994 నుంచి అమెరికా జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలోనూ ఉంది. 2017 తుఫానులకి ముందు రాసిన రివ్యూలు చదివి ఈత కొలనులూ రెస్టారెంటూ ఉంటాయని ఆశపడొద్దు. ఆ రోజు తెరిచారో లేదో రేవు దగ్గరే టాక్సీ వాళ్ళని అడగండి. మూసి ఉన్నా మెట్లకి, పై వీధికి అడ్డేమీ ఉండదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పైన ముగ్గురు ఆడవాళ్ళ విగ్రహాలు ఎవరివి?

క్వీన్ మేరీ, క్వీన్ ఆగ్నెస్, క్వీన్ మటిల్డా. రాజవంశం ఏమీ కాదు, చెరకు తోటల కూలీలు, రాణులన్నది జనం పెట్టుకున్న పేరు. బానిసత్వం 1848లో పోయినా, కూలీలు ఏడాది ఒప్పందాలకి కట్టుబడాల్సిందేనని మరుసటి ఏడే చట్టం తెచ్చారు. తోట మారాలంటే అక్టోబర్ 1 దాకా ఆగాల్సిందే. 1878లో సరిగ్గా ఆ రోజునే పక్క దీవి సెయింట్ క్రోయ్‌లో తిరుగుబాటు రేగి, తోటలూ ఊళ్ళూ తగలబడ్డాయి, దాన్నే ఫైర్‌బర్న్ అంటారు. ఈ నాయకురాళ్ళని డెన్మార్క్ జైలుకి పంపారు. విగ్రహాల చేతుల్లో కాగడా, లాంతరు, చెరకు నరికే కత్తి ఉంటాయి. దొంగ పేరు చూసి వచ్చినవాళ్ళలో చాలామంది వీటి ముందు సెల్ఫీ తీసుకుని పేర్లు కూడా చదవకుండా పోతారు, అది నాకు నచ్చదు.

## దిగాక

ఇంకో రెండు గంటలుంటే ఏం చూడాలి?

యూదుల ప్రార్థనా మందిరం చూడండి, 1833లో కట్టినది, ఇంకో చిన్న గుట్ట మీద ఉంటుంది. లోపల నేల మొత్తం ఇసుక. స్పెయిన్, పోర్చుగల్‌లో మత విచారణల కాలంలో దొంగచాటుగా ప్రార్థించేవాళ్ళు అడుగుల చప్పుడు వినపడకుండా ఇసుక పోసుకునేవాళ్ళనీ, దాని గుర్తుగానే ఇక్కడా పోశారనీ చెప్తారు. చిత్రకారుడు కామీల్ పిస్సారో 1830లో ఇదే ఊళ్ళో యూదు కుటుంబంలోనే పుట్టాడు. తర్వాత ఎర్ర రంగు ఫోర్ట్ క్రిస్టియన్, 1670లలో కట్టినది. మెయిన్ స్ట్రీట్ నిండా నగల షాపులే. చాలా షాపులు సింధీలవి, హిందీలో బేరం మొదలుపెడితే నవ్వుతారు గానీ బేరం మాత్రం మీకంటే వాళ్ళకే బాగా వచ్చు.

వెజిటేరియన్లకి తినడానికి ఏమన్నా దొరుకుతుందా?

దొరుకుతుంది. మన కజ్జికాయ ఆకారంలో వేయించే "పాటే" అనే చిరుతిండి ఉంటుంది, లోపల కూరగాయలు పెట్టినది ఉందా అని అడగండి. మామూలుగా ఉప్పు చేపో, మాంసమో పెడతారు కాబట్టి అడక్కుండా కొరకొద్దు. జానీ కేక్ అంటే వేయించిన పిండి రొట్టె, వేడిగా బాగుంటుంది. ఫంజీ అనేది మొక్కజొన్న పిండిలో బెండకాయ వేసి గట్టిగా వండేది, మన సంకటి తిన్న నోటికి కొత్తేమీ కాదు. కలలూ అనే ఆకుకూర పులుసులో పీతలు, మాంసం పడతాయి, జాగ్రత్త.

ఓడ టైమ్‌కి, అక్కడి టైమ్‌కి తేడా ఉంటుందా?

శీతాకాలంలో ఫ్లోరిడా కంటే సెయింట్ థామస్ గంట ముందుంటుంది, అమెరికాలో డేలైట్ సేవింగ్ నడిచే నెలల్లో రెండూ ఒకటే. దీవిలో గడియారం ఎప్పుడూ మార్చరు. కొన్ని ఓడలు లోపల ఫ్లోరిడా టైమే ఉంచుతాయి, కొన్ని మారుస్తాయి. దిగే ముందు "ఆల్ అబోర్డ్" టైమ్, అంటే అందరూ తిరిగి ఓడెక్కేయాల్సిన టైమ్, ఏ గడియారం ప్రకారమో చూసి, ఫోన్‌లో ఆటోమేటిక్ టైమ్‌ని నమ్ముకోకుండా చేతి గడియారం ఒకటి ఓడ టైమ్‌కి పెట్టుకోండి. సాయంత్రం ఓడలన్నీ ఒకేసారి బయల్దేరే రోజున ఒడ్డున రోడ్డు జామ్ అయిపోతుంది, గంట ముందే టాక్సీ ఎక్కేయండి.

రాత్రి అక్కడే ఉంటున్నాం, చీకటి పడ్డాక ఎక్కొచ్చా?

ఎక్కొద్దు. ఐదు దాటాక షాపులు మూసేసి ఊరి మధ్య ఖాళీ అయిపోతుంది, మెట్ల మీద వెలుతురు తక్కువ, చుట్టూ మనుషులు ఉండరు. ఓడలు లేని ఆదివారం పగలు కూడా అలాగే నిర్మానుష్యంగా ఉంటుంది. పొద్దున ఏడింటికి వెళ్ళండి, ఆఫీసులకీ పనులకీ దిగే ఊరివాళ్ళు ఎదురవుతారు, అందరికీ గుడ్ మార్నింగ్ చెప్తూ ఎక్కేయొచ్చు.